యూదుల పూర్వస్మృతి యాత్రలు

పూర్వము మన పెద్దలు కాశీయాత్రకు బయలుదేరునప్పుడు అటుకులు, పేలపిండి, ఊరగాయ జాడీ మూటగట్టుకొని పోయెడివారు. పరుల చేతివంట తినరాదను నియమము గలవారు సత్రములలో స్వయంపాకము చేసికొనెడివారు. అట్టి నియమముతో నేటికిని ఖండాంతర యాత్రలు చేయు ప్రజలు కలరు. వారు యూదులు. వారి ఆహారనియమమునకు 'కోషర్' అని పేరు. ఆ నియమమును విడువకయే వారిలో అనేకులు తమ పూర్వులు నివసించిన పరదేశపు ఊళ్ళను వెదకికొనుచు పోవుచుందురు. మాతృభాషాప్రాంతమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన మనవంటి కుటుంబములవారు ఈ యాత్రల నుండి తెలిసికొనదగినది కొంత కలదు.

'కోషర్' అను హీబ్రూ మాటకు 'తగినది' అని అర్థము. యూదుల ధర్మగ్రంథమైన తోరాలోని లేవీయకాండము, ద్వితీయోపదేశకాండము అను భాగములలో ఈ నియమములకు మూలము కలదు. గిట్టలు చీలియుండి, నెమరువేయు జంతువుల మాంసమే తినదగినది. కావున గొఱ్ఱె, మేక, ఆవు తగును, పంది తగదు. జలచరములలో రెక్కలును పొలుసులును రెండును గల చేపలే తగును. రొయ్యలు, పీతలు తగవు. తగిన జంతువునైనను విధి యెఱిగినవాడే వధింపవలెను. రక్తము నిషిద్ధము గనుక మాంసమును నీటిలో నానబెట్టి, ఉప్పు పట్టించి, రక్తమును తీసివేయుదురు. మాంసమును పాలును కలిపి వండరాదు, కలిపి తినరాదు. అందువలన నియమపరుల యిండ్లలో పాలకు వేరు, మాంసమునకు వేరు పాత్రలుండును. మాంసము తిన్న పిమ్మట పాలు ముట్టుటకు అనేకులు 6 గంటలు ఆగుదురు. హాలెండు దేశపు యూదుల ఆచారము 1 గంట మాత్రమే. ధాన్యములు, పండ్లు, కూరగాయలు ఈ రెంటిలో దేనితోనైనను తినవచ్చును. కాని ఆకులలో పురుగు లేకుండ చూచుకొనవలెను.

ఇంటిలో ఇది అలవాటు. పరదేశములో ఇది పరీక్ష. శాకాహార భోజనశాలలో కూర్చుండినను ఆ పాత్రలో నిన్న ఏమి వండిరో తెలియదు. కావున యాత్రికుడు ధర్మపండితుల పర్యవేక్షణలో నడచు భోజనశాలను ముందుగానే విచారించుకొనును. అంగడిలో కొను పొట్లముమీద ధ్రువీకరణ ముద్ర కొఱకు చూచును. విమానములో ఆ భోజనము కావలెనన్నచో ముందుగా తెలుపవలెను. అది ముద్రవేసిన పెట్టెలో వచ్చును.

ఆహారము తరువాత సబ్బాతు అను విశ్రాంతిదినము. శుక్రవారము సూర్యాస్తమయము మొదలు శనివారము రాత్రి నక్షత్రములు కనబడువఱకు నియమపరులు నిప్పు రాజేయరు, వాహనమెక్కరు. కావున ప్రార్థనాలయమునకు కాలినడకను పోగల దూరములో బస చూచుకొనవలెను. శనివారపు భోజనము శుక్రవారమే సిద్ధము కావలెను. సంప్రదాయానుసారము సామూహిక ప్రార్థనకు పదిమంది వయోజన పురుషులు కూడవలెను. తొమ్మండుగురున్నచో కొన్ని ముఖ్య ప్రార్థనలు చెప్పరాదు.

ఈ నిర్బంధములన్నియు యాత్రికుని చేతులు కట్టివేయునట్లు తోచును. కాని ఫలితము వేరుగానున్నది. ఎక్కడనైనను తినగలవాడు ఊరిలోని వీధులు చూచి వెడలిపోవును. నియమము గలవాడు ఆ యూరిలో తనవారెవరో వెదకక తప్పదు. వెదకి కనుగొన్నచో శుక్రవారము రాత్రి ఎఱుగని యింటిలో అతిథియై కూర్చుండును. వారి భాష తెలియకున్నను ప్రార్థన తెలియును. నియమమే అతనిని మనుష్యులయొద్దకు నడిపించును. పదిమందిలో తక్కువైన పదవవాడు తానే యైనచో ఆ యాత్ర అతనికే గాక ఆ యూరివారికిని పండుగ యగును.

ఇట్టి యాత్రలలో స్పెయిన్ యూదుల జాడ వెంట పోవునది యొకటి. స్పెయిన్ దేశమును యూదులు 'సెఫరాద్' అందురు. అచ్చటి నుండి వచ్చినవారు సెఫార్దీలు. ఆ దేశమునందు కార్డొవా నగరములో 1315లో కట్టిన చిన్న ప్రార్థనాలయము నేటికిని నిలిచియున్నది. తత్త్వవేత్తయు వైద్యుడునైన మైమోనిడీస్ 12వ శతాబ్దమున జన్మించినది ఆ నగరముననే. టొలెడో నగరములో రాజుగారి కోశాధికారియైన సామ్యూల్ హాలేవి 1357 ప్రాంతమున కట్టించిన ప్రార్థనాలయము కలదు. దాని గోడలమీద హీబ్రూ అక్షరములతో కీర్తనల వాక్యములు చెక్కియున్నవి. తరువాత అది క్రైస్తవుల చేతికి పోయెను; ఇప్పుడు సెఫార్దీల వస్తుప్రదర్శనశాలగా నున్నది.

1492 మార్చి 31వ తేదీన ఫెర్డినాండు రాజును ఇసబెల్లా రాణియు ఒక శాసనము చేసిరి. జూలై నెలాఖరులోగా యూదులు క్రైస్తవమతము పుచ్చుకొనవలెను, లేదా దేశము విడువవలెను. మతము మారి నిలిచినవారిమీద ఇంక్విజిషన్ అను మతవిచారణ సభ కన్నువేసెను. ఆ సభకు సాక్ష్యము వంటయింటి నుండియే వచ్చెడిది. పందిమాంసము తినని యిల్లు, శుక్రవారము సాయంకాలము ఉతికిన బట్టలు కట్టిన యిల్లు, శనివారమునకై రాత్రి యంతయు కుంపటిమీద కూరకుండ నుంచిన యిల్లు అనుమానాస్పదమయ్యెను. పొరుగువారో, పనికత్తెయో చెప్పిన మాటతో విచారణ మొదలయ్యెడిది. నేటి యాత్రికుడు టొలెడో సందులలో నడచునప్పుడు తాను సులభముగా అడిగి తెప్పించుకొను భోజనము కొఱకు పూర్వులు ఎంత మూల్యము చెల్లించిరో గ్రహించును.

దేశము విడిచినవారు నాలుగు దిక్కులకు పోయిరి. కొందఱు వెనిస్ చేరిరి. అచ్చట 1516లోనే యూదులను ఒక చిన్న ద్వీపమున నుంచి రాత్రులందు తలుపులు మూసెడివారు. లోహములు పోతపోయు కర్మాగారము పూర్వమచ్చట నుండుటచే ఆ స్థలమునకు 'గెట్టో' అను పేరు వచ్చెననియు, ఆ మాటయే తరువాత లోకమంతట వ్యాపించెననియు చెప్పుదురు. స్థలము చాలక అంతస్తుపై అంతస్తు కట్టుకొనిరి. ఆ యెత్తైన యిండ్లును ఐదు ప్రార్థనాలయములును నేటికిని చూడవచ్చును. 1797లో ఫ్రెంచి సేనలు వచ్చినపుడు ఆ తలుపులు కూల్చివేయబడెను.

మఱికొందఱు మన దేశమునకును వచ్చిరి. కొచ్చిలోని మట్టాంచేరిలో 1568లో కట్టిన పరదేశి ప్రార్థనాలయము వారి స్మృతిచిహ్నము. ఇజ్రాయేలు ఏర్పడిన పిమ్మట అచ్చటి యూదులు చాలవఱకు వలసపోయిరి. మిగిలిన కొద్దిమందితో పదిమంది కూడుట కష్టమై, యాత్రికులు వచ్చినప్పుడే సామూహిక ప్రార్థన జరుగుట సంభవించెను.

అనేకులు చేరినది తురుష్క సామ్రాజ్యము. సుల్తాను బయజీదు వారిని ఆదరించెను. సలోనికా నగరము, నేటి గ్రీసు దేశపు థెస్సలోనీకి, వారికి రెండవ సెఫరాద్ అయ్యెను. శనివారమునాడు అచ్చటి ఓడరేవే మూతపడెడిది. 1912లో ఆ నగరము గ్రీసు వశమయ్యెను. 1942లో జర్మనుల యేలుబడిలో అచ్చటి ప్రాచీన యూదుల శ్మశానము ధ్వంసమయ్యెను. సమాధిరాళ్ళను కట్టడములకు వాడుకొనిరి. నేడు ఆ స్థలమున విశ్వవిద్యాలయమున్నది. 1943లో 40 వేలకు మించిన యూదులను రైళ్ళలో ఆష్విట్జ్ మృత్యుశిబిరమునకు తరలించిరి. తిరిగి వచ్చినవారు అత్యల్పులు. 1927లో కట్టిన మొనాస్టిర్ ప్రార్థనాలయము మాత్రము రెడ్‌క్రాసు వారి వాడుకలో నుండుటచే నిలిచెను. ఈనాటి యాత్రికుడు అచ్చటికి పోయి ప్రార్థించును.

ఇక, నేను ముఖ్యముగా చెప్పదలచిన విషయమునకు వత్తును. స్పెయిన్ విడిచినవారు తమవెంట వంటయు ప్రార్థనయు మాత్రమే కాదు, భాషను గూడ తీసికొనిపోయిరి. 15వ శతాబ్దపు స్పానిషు నుడికి హీబ్రూ, టర్కీ, గ్రీకు మాటలు చేరి లాదీనో అను భాష యయ్యెను. తురుష్కుల నడుమ, గ్రీకుల నడుమ, 400 సంవత్సరములకు పైగా వారు దానిని నిలుపుకొనిరి. ఎట్లు? ఇంటిలో తల్లులు మాటలాడిరి. బడిలో పిల్లలకు ధర్మగ్రంథమును వాక్యము వెంట వాక్యముగా లాదీనోలో అర్థము చెప్పించిరి. హీబ్రూ రాని సామాన్యుల కొఱకు 1730లో ఇస్తాంబుల్‌లో 'మెయామ్ లోయెజ్' అను గొప్ప వ్యాఖ్యానగ్రంథము లాదీనోలో ప్రారంభమయ్యెను. పిమ్మట వార్తాపత్రికలును వెలసెను.

1860లో పారిసులో స్థాపింపబడిన ఒక యూద సంఘము తురుష్క సామ్రాజ్యమున పాఠశాలలు తెఱచెను. అవి మంచి పాఠశాలలు. ఆడపిల్లలకును చదువు చెప్పెను, చేతిపనులు నేర్పెను, ఉద్యోగములకు దారి చూపెను. కాని బోధనభాష ఫ్రెంచి. తల్లిదండ్రులు సంతోషముతో పిల్లలను పంపిరి. అందులో తప్పేమియు లేదు. అయితే లాదీనో పుస్తకము నుండి తొలగి పెరటిలోనికి పోయెను. 1928లో టర్కీ ప్రభుత్వము కొత్త లిపిని తెచ్చెను. అందఱు టర్కీ భాషయే మాటలాడవలెనను ప్రచారము బయలుదేఱెను. సలోనికాలో భాషను మాటలాడువారినే చంపివేసిరి. ఇస్తాంబుల్‌లో అట్లు జరుగలేదు. అయినను అచ్చట గూడ భాష క్షీణించెను. తాతలు మాటలాడిరి; తండ్రులు అర్థము చేసికొనిరి; మనుమలు వినుట కూడ మానిరి. నేడు లాదీనో అంతరించు ప్రమాదము గల భాషలలో నొకటి. పూర్వుల భాషను ఇప్పుడు యువకులు విశ్వవిద్యాలయపు తరగతులలో కూర్చుండి పరభాషవలె నేర్చుకొనుచున్నారు. 2015లో స్పెయిన్ ప్రభుత్వము సెఫార్దీల సంతతికి పౌరసత్వమిచ్చుటకు చట్టము చేసెను. 2019 వఱకు దరఖాస్తులు తీసికొనెను. పూర్వసంబంధమును నిరూపించు ఆధారములలో 'ఇంటిలో లాదీనో వాడుక' అనునది యొకటి. దానిని చూపగలిగిన యిండ్లు ఎన్ని మిగిలియుండును?

వంట నిలిచినది, ప్రార్థన నిలిచినది, భాష జారిపోయినది. మొదటి రెంటికి దినదిన నియమము, వారవార నియమము కలవు. భాషకు అట్టి శాసనము లేదు. ఇల్లును బడియు కలిసి కాపాడిననే అది నిలుచును. "ఇంటిలో తెలుగు మాటలాడుచున్నాము గదా, బడిలో గూడ ఏల?" అని తల్లిదండ్రులు కొందఱు నన్నడుగుదురు. ఇస్తాంబుల్ యూదులును ఇంటిలో మాటలాడినవారే. చదువుట, వ్రాయుట లేని భాష ముసలివారి భాషయై, వారితోనే ముగియును.

మనకును వారికిని గల భేదమును మఱువరాదు. మనలను ఎవరును తఱిమివేయలేదు. కోట్లకొలది జనులు తెలుగు మాటలాడుచున్నారు, తెలుగు చావదు. కాని మన యింటి తెలుగు చావవచ్చును. రాష్ట్రభాషయు ఇంగ్లీషును పిల్లలు చక్కగా నేర్వవలసినదే; అవి వలదని నేను చెప్పను. వాటితోబాటు రాత్రి భోజనమైన పిమ్మట పావుగంటసేపు పిల్లలచేత తెలుగు పుస్తకము బిగ్గరగా చదివింపుడు. బంధువులకు ఉత్తరము వారిచేతనే వ్రాయింపుడు. సెలవులలో పూర్వుల గ్రామమునకు తీసికొనిపోవునపుడు, అచ్చటి గుడిగోడమీది వ్రాతను వారినే చదువుమనుడు.

టొలెడోలోని ఆ ప్రార్థనాలయమునకు ప్రతిదినము యాత్రికులు వచ్చుచుందురు. గోడమీది అక్షరములను చూచి, ఎంత అందమైన నగిషీ యని మెచ్చుకొని పోవుదురు. వారిలో చిన్ననాడు హీబ్రూ అక్షరములు దిద్దిన యూద బాలుడొకడున్నచో, వాడు నిలిచి వాటిని చదువును. ఆ గోడ వానితో మాటలాడును. మన పిల్లలకును పూర్వుల గోడలు మాటలాడవలెనన్నచో, మనము ఇప్పుడే అక్షరములు దిద్దింపవలెను.