నేలమీద నడిచిన జలాంతర్గామి

మా కవరైపేట్టై స్టేషను మీదుగా విశాఖపట్నం వైపు రైళ్లు రోజూ పోతూనే ఉంటాయి. ఆ మధ్య చుట్టాలింట్లో పెళ్లికి మేమూ విశాఖ వెళ్లాం. పెళ్లి మర్నాడు రామకృష్ణా బీచిలో ఒడ్డున నిలబెట్టిన ‘కుర్సురా’ జలాంతర్గామిని చూడబోయాం. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో సేవ చేసి, 2002లో ప్రదర్శనశాల అయిన ఓడ అది. ఆ ఇరుకు దారిలో వంగి నడుస్తూ మా మేనకోడలి కొడుకు అడిగాడు: “తాతయ్యా, లోపల గాలి అయిపోతే ఎలా?”

బి.కాం. చదివి బ్యాంకులో లెడ్జర్లు తిరగేసిన నాకు ఆ ప్రశ్నకు జవాబు రాలేదు. ఇంటికొచ్చాక పుస్తకాలు చదివి తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాను.

కుర్సురా డీజిల్ ఓడ. డీజిల్ ఇంజనుకు గాలి కావాలి. అందుకే నీటి అడుగున బ్యాటరీలతో నడుస్తుంది. బ్యాటరీలు తరిగిపోతే మళ్లీ పైకి రావాలి, లేదా గాలి గొట్టమైనా నీటిపైకి చాచాలి. శత్రువు కంటబడేది అప్పుడే. చేతిలో రొక్కం అయిపోయినప్పుడల్లా బ్యాంకుకు పరుగెత్తే మనిషి లాంటిదన్నమాట!

అణుశక్తి ఓడకు ఆ బాధ లేదు. యురేనియం అణువులు చీలినప్పుడు పుట్టే వేడికి గాలితో పనిలేదు. ఆ వేడిని అధిక పీడనంలో ఉన్న నీరు మోసుకెళ్లి, వేరే గొట్టాల్లోని నీటిని ఆవిరి చేస్తుంది. ఆ ఆవిరి టర్బైనును తిప్పుతుంది. విద్యుత్తు పుష్కలంగా ఉంటుంది కనుక నీటి నుంచే ప్రాణవాయువును తీసుకోవచ్చు. ఒకసారి వేసిన ఇంధనం ఏళ్ల తరబడి వస్తుంది. ఇక తిరిగి రావలసింది తిండి సామాను కోసం, మనుషుల విశ్రాంతి కోసమే.

ఇలాంటి తొలి ఓడ అమెరికావారి ‘నాటిలస్’. 1954 జనవరిలో నీళ్లలో దిగింది. 1955 జనవరి 17న అణుశక్తితో కదిలింది. 1958 ఆగస్టు 3న మంచు కింద నుంచి ఉత్తర ధ్రువాన్ని దాటింది. నన్ను ఆశ్చర్యపరచింది మాత్రం అంతకుముందు జరిగిన సంగతి. ఆ పనికి సారథి అయిన రికోవర్, సముద్రానికి ఎంతో దూరాన ఉన్న ఐడహో ఎడారిలో ఓడ ముక్కనొకదాన్ని కట్టించి, అందులో అచ్చంగా అలాంటి రియాక్టరునే పెట్టించాడు. 1953లో దాన్ని ఆపకుండా సుమారు నాలుగు రోజులు నడిపించారు. గోడకు అట్లాంటిక్ పటం తగిలించి, ఓడ ఎంతదూరం ‘వెళ్లిందో’ గుర్తులు పెట్టారట. ఓడ కదలకుండానే సముద్రం దాటింది!

మనం కూడా ఆ దారినే నడిచాం. 1988లో సోవియట్ యూనియన్ నుంచి అద్దెకు తెచ్చిన ‘చక్ర’ విశాఖ చేరింది. దానిమీద మనవాళ్లు పని నేర్చుకున్నారు. 1991లో అది తిరిగి వెళ్లిపోయింది. మన సొంత రియాక్టరు నమూనా నడిచింది ఎక్కడో కాదు, చెన్నైకి దక్షిణాన, మన కల్పాక్కంలోనే. ఒడ్డున ఓడ ఆకారంలో కట్టిన ఆ రియాక్టరు 2006 నుంచి పనిచేస్తున్నా, ఆ సంగతి లోకానికి చెప్పింది 2009లో. ఆ జూలైలోనే విశాఖలో ‘అరిహంత్’ను నీళ్లలో దించారు. దాని రియాక్టరు 2013లో పని మొదలుపెట్టింది. 2016లో ఓడ నౌకాదళంలో చేరింది. 2024లో ‘అరిఘాత్’ తోడయింది.

ఒడ్డున నడిపి చూడడం మా భాషలో ట్రయల్ బ్యాలెన్సు తీయడమే. కాని కామర్సు చదివినవారికి ఇంకో సంగతి కూడా తెలుసు. అసలు రాయని పద్దు ట్రయల్ బ్యాలెన్సులో బయటపడదు. సోవియట్ ఓడ ‘కె-19’లో రియాక్టరును చల్లబరిచే ఏర్పాటు చెడిపోతే ఆదుకునే రెండో ఏర్పాటు పెట్టలేదు. 1961 జూలై 4న, సముద్రం మధ్య, చెడిపోనే చెడిపోయింది. ఎనిమిది మంది నావికులు లోపలికి వెళ్లి, అప్పటికప్పుడు గొట్టాలు అతికి నీరు పారించి, ఓడను కాపాడారు. వాళ్లు మాత్రం మూడు వారాల్లోపే కన్నుమూశారు. ఒడ్డున ఎవరో రాయకుండా వదిలేసిన పద్దును వాళ్లు ప్రాణాలతో సరిచేశారు.

గాలి మాట అడిగిన మనవడికి ఫోనులో ఇదంతా చెప్పాను. అంతా విని, “అయితే తాతయ్యా, కల్పాక్కంలో పనిచేసినవాళ్లు ఓడ ఎక్కకుండానే అందులోవాళ్లను కాపాడుతున్నారన్నమాట” అన్నాడు. నాకింత సేపు పట్టిన లెక్కను వాడు ఒక్క మాటలో తేల్చేశాడు.