నడిపితేనే పాత కారు పదిలం
ఐదున్నర దశాబ్దాలకు పైగా తయారై 2014లో ఉత్పత్తి నిలిచిపోయిన అంబాసిడర్ కార్లను పలువురు నేటికీ అపురూపంగా చూసుకుంటున్నారు. అయితే అపురూపమని షెడ్డులోనే ఉంచితే కారు పాడవుతుంది. బ్యాటరీలో ఛార్జి తగ్గిపోతుంది. పెట్రోలు కారైతే కార్బురేటర్‌లో జిగురు పేరుకుంటుంది. బ్రేకు డ్రమ్ములు తుప్పు పడతాయి. బరువంతా ఒకేచోట పడి టైర్లు అణిగిపోతాయి.

ఉన్నచోటే ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపినా ప్రయోజనం ఉండదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కనందున లోపల చేరిన తేమ ఆయిల్‌లోనే మిగిలిపోతుంది. అందువల్ల వారానికోసారి అరగంటైనా రోడ్డుపై నడపడం శ్రేయస్కరం. బయలుదేరే ముందు ఆయిల్, రేడియేటర్ నీరు, బ్రేకులు, టైర్లలో గాలి సరిచూసుకోవాలి. 15 ఏళ్లు దాటిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ తప్పనిసరి.

తరచూ నడిపే యజమానికి చిన్న లోపమైనా చప్పుడును బట్టే తెలిసిపోతుంది. ఏళ్ల తరబడి నిలిపిన కారులో అది బయటపడేసరికి మరమ్మతు ఖర్చు తడిసి మోపెడవుతుంది.