చదరంగం గళ్ళలో 64 బిట్లు

ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో ఈ నంబర్ మనందరికీ ఎప్పుడో ఒకసారి ఎదురయ్యే ఉంటుంది: 18446744073709551615. అన్‌సైన్డ్ 64 బిట్లలో పట్టే అతి పెద్ద పూర్ణసంఖ్య ఇదే. 64 బిట్లూ 1 అయితే వచ్చే విలువ, అంటే 2⁶⁴ − 1. దీనికి ఇంకో ఒకటి కలిపితే మళ్ళీ సున్నాకి వచ్చేస్తుంది.

ఇదే నంబర్ ఒక పాత తెలుగు పద్యంలో ఉంది! మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని తెలుగులోకి తెచ్చిన పావులూరి మల్లన పేరుతో ఆ పద్యం ప్రచారంలో ఉంది. మల్లనది 11వ శతాబ్దం అని సాధారణంగా చెప్తారు. లెక్క మనకి తెలిసిందే. చదరంగం మొదటి గడిలో 1 గింజ, రెండో గడిలో 2, మూడో గడిలో 4, ఇలా 64 గళ్ళూ నింపితే మొత్తం ఎన్ని? బిట్లు కూడా అంతే కదా, ఒక్కో స్థానం విలువ ముందుదానికి రెట్టింపు. అందుకే జవాబు ఒక్కటే. సెకనుకి వంద కోట్ల గింజలు లెక్కపెట్టినా 584 ఏళ్ళు పడుతుంది.

పద్యంలో అంకెలకి బదులు మాటలు ఉంటాయి. చంద్రుడు ఒక్కడే, కాబట్టి 1. వేదాలు 4. మన్మథుడి బాణాలు 5. దిక్కుల్ని మోసే ఏనుగులు 8. ఆకాశం అంటే 0. దీన్ని భూతసంఖ్యా పద్ధతి అంటారు. ఒకట్ల స్థానంతో మొదలుపెట్టి ఎడమవైపుకి రాసుకుంటూ పోవాలి.

ఇక్కడే అసలు డౌట్ వస్తుంది. అప్పట్లో తాటాకుల మీద చేత్తో కాపీ చేశారు, ఇప్పుడు మనం వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేస్తున్నాం. మధ్యలో ఒక మాట మారిపోతే ఎలా తెలుస్తుంది? పద్యం చంపకమాల కాబట్టి ఛందస్సు కొంత కాపాడుతుంది. కానీ పూర్తిగా కాదు. శర అంటే 5, శశి అంటే 1. రెండింటిలోనూ రెండేసి లఘువులే. ఒకదాని చోట ఇంకోటి పడినా గణాలు చెడవు, లెక్క మాత్రం చెడుతుంది.

ఆ మిగతా కాపలా నంబరే కాస్తుంది. స్కూల్లో నేర్చుకున్న a² − b² సూత్రాన్ని 2⁶⁴ − 1 మీద మళ్ళీ మళ్ళీ వాడితే ఇలా విడిపోతుంది:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

చివరిది ప్రధానసంఖ్య అని ఫెర్మా అనుకున్నాడు. అది 641 × 6700417 అని 1732లో ఆయిలర్ తేల్చాడు.

మనకి కావాల్సింది 17. పద్యంలో ఒక్క అంకె మారితే, నంబర్‌లో వచ్చే తేడా 1 నుంచి 9 లోపు అంకె పక్కన కొన్ని సున్నాలు. దాన్ని 17 భాగించలేదు. పక్కపక్కనున్న రెండు వేర్వేరు అంకెలు తారుమారైతే, ఆ అంకెల తేడాని 9తో గుణించి సున్నాలు చేర్చినంత మారుతుంది. దాన్నీ 17 భాగించలేదు. అంటే ఈ రెండు రకాల తప్పుల్లో ఏది జరిగినా శేషం మిగిలి తీరుతుంది. ఆధార్ నంబర్‌లో చివరి అంకె చేసే డ్యూటీ కూడా ఇదే. కాకపోతే అక్కడ ఆ అంకెని ప్రత్యేకంగా చేర్చారు, ఇక్కడ ఆ గుణం నంబర్‌లోనే ఉంది.

కాబట్టి ఈసారి ఆ పద్యం ఎవరైనా పంపిస్తే, మాటల్ని అంకెలుగా మార్చి 17తో భాగించి చూడండి. గోల్నాకలో బస్సెక్కితే తార్నాకలో దిగేలోపు అయిపోతుంది. 1085102592571150095 వచ్చి, శేషం సున్నా అయితే, మీకు వచ్చిన కాపీలో లెక్క చెక్కుచెదరలేదన్నమాట.