ఇంటి అప్పు చేయి మారినప్పుడు

మన పెద్దలకు అప్పు వున్నా, అప్పిచ్చినవారి ముఖం తెలిసి వుండేది. మా తాతగారు బెంగుళూరు వచ్చిన కొత్తలో భోగ్యానికి యిల్లు తీసుకున్నారు. పెద్ద మొత్తం ముందే యిచ్చి, అద్దె లేకుండా కాపురముండి, ఖాళీ చేసిన నాడు ఆ మొత్తం తిరిగి పుచ్చుకోవడం. యీ పద్ధతి కన్నడదేశంలో యిప్పటికీ వున్నది. యిచ్చినవారూ పుచ్చుకొన్నవారూ ఒకే వీధివారు గనుక మాటతో సరిపోయేది. యీనాటి గృహరుణం అటువంటిది కాదు. సంతకం ఒకరి యెదుట పెడతాము, కంతు వేరొకరికి కడతాము, దస్తావేజులు యే బీరువాలో వున్నవో మనకు తెలియదు.

మేము 2018లో ఒక కంపెనీ వద్ద 20 లక్షలు, నూటికి 8.5 వడ్డీకి, 20 ఏళ్లలో తీర్చేటట్లు తీసుకున్నాము. నెలకు 17,356 రూపాయలు. మొదటి నెల అందులో 14,167 వడ్డీకే పోగా, అసలులో తగ్గింది 3,189. గుమాస్తా పని చేస్తూ కూడా యీ లెక్క మేము ఆనాడు వేసుకోలేదు. జీతం పడగానే బ్యాంకే కంతు కోసుకొనేది. మిగిలినదానిలో పాలు, కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు, పిల్ల ఫీజు.

2023 సెప్టెంబరులో ఒక ఇంగ్లీషు ఉత్తరం వచ్చింది. మీ అప్పు ఫలానా వారికి బదిలీ అయినది, కంతు కోసుకొనేందుకు కొత్త అనుమతి పత్రం సంతకం చేసి పంపవలెను అని. చదివి, క్యాలెండరు వెనుక దోపి మరచితిమి. అక్టోబరులో కంతు పోలేదు. ఖాతాలో డబ్బు మిగిలింది గదా అని మా ఆవిడ సంతోషించింది, మేమూ సంతోషించాము. దీపావళికి అందరికీ బట్టలు కొన్నాము. తరువాత ఫోను వచ్చింది. రెండు కంతులు బాకీ, దానిపై ఆలస్యపు రుసుము. మొదటి కంపెనీవారిని అడిగితే మాకు సంబంధం లేదన్నారు. కొత్తవారు, "ఉత్తరం వ్రాశాము గదా, సార్" అన్నారు. వ్రాసిన మాట నిజమే. చేతిలో వున్నవి దీపావళి బట్టలు!

బంగారు గొలుసు బ్యాంకులో పెట్టి రెండు కంతులూ చెల్లించాము. ఆ సందర్భంలో అప్పు లెక్క తెప్పించి చూస్తే అసలు దెబ్బ కనబడింది. రిజర్వు బ్యాంకు రెపో రేటును 2022 మే మొదలు 2023 ఫిబ్రవరి వరకు 4 నుండి 6.5కు పెంచింది. మా వడ్డీ 10కి చేరింది. కంతు మాత్రం పెరగలేదు, అందుకే మాకు తెలియలేదు. పెరిగినది గడువు! 180 నెలలు మిగలవలసినచోట 226 అని వున్నది. 2038లో తీరవలసిన అప్పు 2042కు జరిగింది. మా ఉద్యోగం అంతవరకు వుండదు.

ఆ సంవత్సరం ఆగస్టులోనే రిజర్వు బ్యాంకు ఒక ఉత్తరువు యిచ్చింది. వడ్డీ మారినప్పుడు కంతు పెంచుకోవడమా, గడువు పొడిగించుకోవడమా, రెండూ కొంత కొంతనా అన్నది అప్పు తీసుకున్నవారిని అడగవలెను. యెంత కట్టాము, యెన్ని కంతులు మిగిలినవి అన్న లెక్క మూడు నెలలకొకసారి యివ్వవలెను. యిది పట్టుకొని వెళ్లి, పాత గడువే వుంచమని వ్రాసి యిచ్చాము. కంతు సుమారు 1,600 రూపాయలు పెరిగింది. యింట్లో దీనిపై రెండు రాత్రులు మాటలు నడిచాయి. పిల్ల కాలేజీ బస్సు మాని సిటీ బస్సులో వెళతానన్నది. "దాని చదువులో కోసి గోడలకు కట్టడమేమిటండీ?" అన్నది మా ఆవిడ. మా స్కూటరు మూలకు చేరింది. బస్సులో వెళుతున్నది మేమే.

దస్తావేజుల సంగతి ఒకటి చెప్పవలెను. హక్కు పత్రాలు అప్పగించి అప్పు తెచ్చుకొనే పద్ధతి యీ కంపెనీలు కనిపెట్టినది కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం మద్రాసు, బొంబాయి, కలకత్తా వంటి పట్టణాలకు దానిని పేర్కొన్నది. తక్కిన ఊళ్లకు ప్రభుత్వ ప్రకటనలతో వచ్చింది. అప్పు పూర్తిగా తీరిన 30 రోజులలో అసలు పత్రాలు తిరిగి యివ్వాలని, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం 2023 డిసెంబరు 1 నుండి అమలుకు వచ్చింది. అయితే యే పత్రాలు యిచ్చామో జాబితా మనవద్ద లేకపోతే యేమని అడుగుతాము?

మేము కొత్త కంపెనీవారిని జాబితా అడిగాము. పదకొండు పత్రాలకు పది వ్రాసి పంపారు. ఖాతా పత్రం లేదు. మూడు ఉత్తరాల తరువాత అది మొదటి కంపెనీ గిడ్డంగిలోనే దొరికింది. యిప్పుడు పదకొండింటి జాబితా ముద్రతో సహా మా యింట్లో వున్నది. క్యాలెండరు వెనుక కాదు, గొలుసు వుండిన పెట్టెలో.