జపానులో ఆటల దినము

జపాను పాఠశాలలలో ఏటేట ఆటల దినము జరుగును. బాలబాలికలు ఎఱ్ఱ జట్టు, తెల్ల జట్టు అని రెండుగా చీలుదురు. పొడవైన గడకు కట్టిన బుట్టలోనికి బంతులు విసరుదురు, త్రాడు లాగుదురు, కేకలతో మైదానము మాఱుమ్రోగును.

ఈ వేడుకకు బాట వేసినవారిలో ఒక ఇంగ్లీషు ఉపాధ్యాయుడు కలడు. ఫ్రెడరిక్ స్ట్రేంజ్ 1875లో ఇంగ్లండునుండి టోక్యోకు వచ్చి, అచటి యువకులకు ఇంగ్లీషు బోధించుచుండెను. శిష్యులు బుద్ధిమంతులే, కాని రేయింబవళ్లు పుస్తకములను విడువరైరి. చదువుకొనువానికి ఆటలేల యను మాట మన యిండ్లలోను విననిది కాదు గదా! స్ట్రేంజ్ వారిని మందలింపలేదు. పాఠము ముగియగానే మైదానమునకు పోయి తానే ఆడనారంభించెను. చూడవచ్చినవారు క్రమముగా ఆటగాండ్రైరి.

అంతకు పూర్వమే, 1874లో, టోక్యో నావికా విద్యాలయమున ఆంగ్లేయ శిక్షకులు ఇట్టి పోటీలు జరిపిరి. అయినను కళాశాల విద్యార్థులలో క్రీడాభిలాషను నాటినవాడు స్ట్రేంజే. 1883లో ఆయన ఆటల నియమములను తెలుపు చిన్న పుస్తకమును ప్రకటించెను. ఆ యేటి జూన్ నెలలో విద్యార్థులచే పెద్ద పోటీ జరిపించెను. పరుగులు, దుముకులు మొదలగు పందెములన్నియు అందుండెను. గెలుపుకంటె నియమము తప్పక ఆడుటయే గొప్ప యని ఆయన వారికి నేర్పెను.

1889లో స్ట్రేంజ్ టోక్యోలోనే మరణించెను. ఆయన శిష్యులలో ఒకడైన కిషి సెయిచి 1924లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమున సభ్యుడయ్యెను.