పిల్లికి డోలో మాత్ర వెయ్యొచ్చా?

విత్తనాల గదిలో ఎలుకల మందు పెట్టకుండా పిల్లిని పెంచుకోమని పోయిన వీడియోలో చెప్పాను కదా. అది చూసి ఒక అన్న ఫోన్ చేశాడు. "తమ్ముడూ, పిల్లి ఒళ్ళు కాలిపోతోంది, డోలో సగం ముక్క వెయ్యనా?" అని. వద్దన్నా, అస్సలు వద్దు అన్నాను.

నాకీ సంగతి తెలిసిన తీరు మంచిది కాదు. మూడేళ్ళ కింద మా పిల్లికి నేనే పావు ముక్క పాలల్లో కలిపి పట్టాను. సాయంత్రానికి మొహం, కాళ్ళు వాచాయి. చిగుళ్ళు చాక్లెట్ రంగుకి తిరిగాయి. వినుకొండ తీసుకెళ్ళేలోపే పోయింది. డిప్లొమాలో పైర్ల గురించి చదివాం గానీ పిల్లి గురించి ఎవరు చెప్పారు?

మన లివరు పారాసెటమాల్‌ని వేరే పదార్థంతో కలిపి మూత్రంలో బయటికి పంపేస్తుంది. ఆ పని చేసే ఎంజైము పిల్లికి దాదాపు లేదు. మందు ఒంట్లోనే ఉండి విషంగా మారుతుంది, ఎర్ర రక్తకణాలను పాడుచేస్తుంది. రక్తం ఉన్నా అది ప్రాణవాయువును మొయ్యలేదు. చిగుళ్ళు రంగు మారేది అందుకే. కిలో బరువుకి 10 మిల్లీగ్రాములకే ప్రమాదం వచ్చిన పిల్లులున్నాయి. మూడు కిలోల పిల్లికి డోలో 650లో పావు ముక్కంటే కిలోకి 54 పడుతుంది. ముక్క చిన్నదే, లెక్క చూస్తే పెద్దది.

ఇంకో మాట. పిల్లి ఒళ్ళు మామూలుగానే 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. మన చేతికి వేడిగా తగలడం జ్వరం కాదు. ఆ అన్న పిల్లికి కూడా జ్వరం లేదు, ఎండలో పడుకుని వచ్చిందంతే!

కాంబిఫ్లామ్, వోవెరాన్, యాస్పిరిన్ కూడా సొంతంగా వెయ్యకూడదు. గజ్జికి మనం రాసుకునే పెర్మెత్రిన్ క్రీము పిల్లికి రాస్తే వణుకు, ఫిట్స్ వస్తాయి. మన సహజ వ్యవసాయం వాళ్ళు చేసే తప్పు ఇంకోటుంది. పేలకి, గోమార్లకి మంచిదని అగ్నాస్త్రం చల్లుతారు. అందులో పొగాకు, వెల్లుల్లి ఉంటాయి. పిల్లి ఒళ్ళంతా నాక్కుంటుంది, చల్లిందంతా కడుపులోకే పోతుంది. చేలో పనికొచ్చేది పిల్లి మీద పనికిరాదు.

మనుషుల మందుతో ఒక జంతువుకి మేలు, ఇంకోదానికి చావు అన్నది కొత్తేం కాదు. డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిని మన దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. పశువులకు ఆ మందు 2006లో నిషేధించారు.

మాత్ర మింగేసిందని తెలిస్తే ఉప్పునీళ్ళు పట్టి కక్కించకండి. లక్షణాల కోసం ఎదురు చూడకండి. 1962కి ఫోన్ చెయ్యండి, లేదా నేరుగా పశువుల ఆసుపత్రికి వెళ్ళండి. మాత్రల షీటు వెంట తీసుకెళ్ళండి, ఎన్నింటికి వేశారో చెప్పండి. దీనికి విరుగుడు ఎన్-ఎసిటైల్ సిస్టీన్, మనుషులకూ ఇదే వాడతారు. పశువుల ఆసుపత్రిలో లేకపోతే డాక్టరు రాసిస్తే మనుషుల మందుల షాపులో తేవచ్చు. డోసు మాత్రం డాక్టరే చూడాలి. దానికి బరువు కావాలి కాబట్టి, పిల్లిని సంచిలో పెట్టి వేలాడే కాటాకి ఎలా తూచాలో వీడియో చివర్లో చూపించాను.