గోడకు కాగితం అంటించే ముందు



ఇంట్లో పెళ్ళో, పండగో వస్తోందంటే మన చూపు ముందు గోడల మీదికే పోతుంది. ఒకప్పుడు సున్నం కొట్టి సరిపెట్టుకునేవాళ్ళం. ఇప్పుడు చాలామంది వాల్‌పేపరు చుట్టలు తెచ్చి అంటిస్తున్నారు. చూడడానికి అందంగానే ఉంటుంది. కానీ ఒక వానాకాలం గడిచేసరికి అంచులు లేచి, బుడగలు కట్టి, నల్లమచ్చలు పడితే పెట్టిన డబ్బంతా గోడపాలే. ఇందులో తప్పు చాలాసార్లు కాగితానిదీ కాదు, జిగురుదీ కాదు, వెనకనున్న గోడది.

మన జిల్లాలో గోడలు ముఖ్యంగా మూడు రకాలు. పల్లెల్లోని పాత మట్టిగోడలు, బంగారు గనుల ప్రాంతంలో ఇంగ్లీషువాళ్ళ కాలంనాటి సున్నపు గార గోడలు, ఈమధ్య కట్టిన సిమెంటు గోడలు. మట్టిగోడకు కాగితం అంటించకపోవడమే మేలు. అది తేమను పీల్చుకుని మళ్ళీ బయటికి వదులుతూ ఉంటుంది. కాగితం, అందులోనూ ప్లాస్టిక్ పూత ఉన్నది, ఆ దారిని మూసేస్తుంది. లోపల బూజు పడుతుంది. అలాంటి గోడకు సున్నమే తగినది.

మిగతా గోడలకు మొదటి పరీక్ష తేమ. మూరెడు ప్లాస్టిక్ కవరును గోడకు ఆనించి, నాలుగువైపులా టేపు వేసి, రెండు రోజులు వదిలెయ్యండి. విప్పినప్పుడు గోడవైపు చెమ్మ కనబడితే నీరు గోడలోంచే వస్తోందన్నమాట. మిద్దె కారుతోందా, అవతల బచ్చలిల్లు ఉందా, బయట గోడకు మట్టి కుప్పపోసి ఉందా చూసి, ముందు దాన్ని సరిచెయ్యాలి. తెల్లగా ఉప్పు పొంగి ఉంటే నీళ్ళతో కడగవద్దు. ఉప్పు కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. పొడి బ్రష్షుతో మెల్లగా దులిపి, తడిగుడ్డతో ఎత్తెయ్యండి. కొత్త సిమెంటు గోడ అయితే రెండు మూడు నెలలైనా ఆరనివ్వాలి. పచ్చి సిమెంటులోని క్షారం జిగురును, రంగును పాడుచేస్తుంది.

రెండవది పాత పూత. అరచేత్తో గోడను రుద్దండి. తెల్లపొడి అంటిందా, అది సున్నమో డిస్టెంపరో. కాగితం ఆ పొడికి అంటుకుంటుంది గాని గోడకు కాదు. కాబట్టి నీళ్ళు చల్లి, నానిన తరువాత పట్టీతో గీకెయ్యాలి. ఆయిల్ పెయింటు అయితే వాటర్ పేపరును తడిపి, మెరుపు పోయేదాకా రుద్దాలి.

తడిపి అని ఎందుకు నొక్కి చెబుతున్నామంటే, గారలో ఇసుక ఉంటుంది. ఇసుకంటే సిలికాయే. మన దేశంలో సిలికోసిస్ జబ్బు మొదట వెల్లడైంది 1947లో, కోలారు బంగారు గనుల్లోనే అని వైద్య గ్రంథాలు చెబుతాయి. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. కానీ ఆ రాతిదుమ్ము పీల్చిన ఊపిరితిత్తులతో ఉన్న పెద్దవాళ్ళు ఇంకా మన ఇళ్ళల్లో ఉన్నారు. ఒక్క పూట దుమ్మైనా వాళ్ళకు ఊపిరాడనివ్వదు. గోడ గీకే రోజున అలాంటి తాతయ్యను, ఉబ్బసం ఉన్న పిల్లలను వేరే ఇంటికి పంపండి. పని చేసేవారికి ముఖానికి గుడ్డ చాలదు; ఎన్-95 మాస్కు ఉండాలి. పాత ఆయిల్ పెయింట్లలో సీసం ఉండవచ్చు కూడా. దాని మీద ఖచ్చితమైన పరిమితి మన దేశంలో అమలులోకి వచ్చింది 2017లోనే. గీకిన పెళ్ళలను పిల్లలకు అందకుండా మూటగట్టి పారెయ్యండి.

మూడవది బీటలు. గనులు నడిచిన కాలంలో లోతున రాయి పేలితే పైన నేల అదిరేది, గోడలు చీలేవి. ఆ చీలికలు చాలా ఇళ్ళలో ఇప్పటికీ ఉన్నాయి. బీట రెండు చివర్లా పెన్సిలుతో గుర్తుపెట్టి, తేదీ రాసి, నెలరోజులు చూడండి. గుర్తు దాటి పెరిగితే మేస్త్రీని పిలవవలసిందే. కాగితంతో కప్పిపెట్టడం ప్రమాదం. పెరగకపోతే బీటను కొద్దిగా వెడల్పు చేసి, దులిపి, తడిపి పూడ్చాలి. సున్నపు గోడకు సున్నంతోనే పూడ్చండి. గట్టి సిమెంటు పెడితే అది పాత గారతో కలవక పెళ్ళగా ఊడివస్తుంది.

తరువాత పుట్టీ పట్టించి, ఆరాక నునుపు చెయ్యండి. చీకట్లో టార్చిలైటును గోడవెంట అడ్డంగా వేసి చూస్తే ఎత్తుపల్లాలన్నీ బయటపడతాయి. ఆపైన ఒక పూత ప్రైమరు వేసి, రాత్రంతా ఆరనివ్వండి. గనుల ఊళ్ళో గాలి రేగితే సైనైడు దిబ్బల దుమ్ము ఇంట్లోకి వస్తుంది. కనుక అంటించే ముందు కిటికీలు మూసి, గోడను పిండిన తడిగుడ్డతో ఒకసారి తుడిచి, ఆరనివ్వాలి. స్విచ్చిబోర్డుల దగ్గర తడిపని చేసేటప్పుడు మెయిన్ ఆపడం మరవకండి.

ఇంట్లోనే మైదా జిగురు కాచుకునేవారు పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలపడం పాత అలవాటు. అది విషం. ఆ గిన్నెను మళ్ళీ వంటకు వాడకూడదు.

ఈ పనికి మన ప్రాంతంలో ఫిబ్రవరి, మార్చి నెలలు అనువైనవి. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో గోడ ఆరదు. కాగితం అంటించడం ఒక రోజు పని, గోడను సిద్ధం చేయడం పదిరోజుల పని. ఆ పదిరోజుల ఓపికే కాగితాన్ని ఏళ్ళ తరబడి నిలబెడుతుంది.